పెద్ద క్యాట్‌ఫిష్‌కు వంగే రాడ్డే కావాలి

పెద్ద చేప కోసం రాడ్డు ఎంచుకునేటప్పుడు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. రాడ్డును చేతిలోకి తీసుకుని రెండుసార్లు గాలిలో ఊపుతారు. కొన పట్టుకుని వంచబోతారు. అది మొండికేస్తే ముఖం వెలిగిపోతుంది. ‘ఇనుప కడ్డీలా ఉంది, దీన్ని విరిచే చేప ఇంకా పుట్టలేదు’ అనుకుంటారు. నా మొదటి పెద్ద రాడ్డును నేనూ అలాగే ఎంచుకున్నాను. మొదలు దగ్గర బొటనవేలంత లావు, నల్లగా నిగనిగలాడే కార్బన్, పట్టుకుంటే ఈటె పట్టుకున్నంత ధీమా. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నా రాడ్డు మొక్కగా ఉన్నప్పుడు కూడా వంగి ఉండదు.

దాంతో గడిపిన మొదటి సీజన్‌లో పెద్ద క్యాట్‌ఫిష్‌లు ఏడు తగిలాయి. ఒడ్డుకు చేరినవి రెండు. మిగిలిన అయిదింటిలో మూడు ఎరను నోట్లోకి తీసుకున్నట్టే తీసుకుని ఉమ్మేసి పోయాయి. నాలుగోది అయిదు నిమిషాలు లాగించుకున్నాక గాలం ఊడింది. గాలానికి పెదవి తునక అంటుకుని వచ్చింది. అది చూసి ఆ రోజంతా మనసు బాగోలేదు. ఇక చివరిది రాడ్డునే విరిచింది. పుట్టని చేప పుట్టిందన్నమాట.

నాకు పది గజాల అవతల కూర్చునే పెద్దాయన ఒకరుండేవారు. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. ఆయనది పసుపుపచ్చ ఫైబర్‌గ్లాస్ రాడ్డు, రంగు వెలిసి, పిడి అరిగి, చూడటానికి వెదురు గెడకు దూరపు చుట్టంలా ఉండేది. చేప తగిలితే అది సగానికి పైగా వంగిపోయేది. నాకేమో విరిగిపోతుందని గుండె దడ. ఆయన మాత్రం నిలబడిన చోటు నుంచి కదిలేవారు కాదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మాస్టారూ, అంత మెత్తటి రాడ్డుతో ఎలా లాగుతున్నారండీ?"

"వంగే పని అది చేస్తోంది కాబట్టి నా నడుము చేయడం లేదు బాబూ," అన్నారు.

అప్పట్లో అది చమత్కారం అనుకున్నాను. అది లెక్క అని తర్వాత తెలిసింది. ఈ వ్యాసంలో నేను వాదించబోయేది కూడా అదే. పెద్ద క్యాట్‌ఫిష్‌కు కావలసింది వంగని రాడ్డు కాదు. ఎక్కడ వంగాలో, ఎంతవరకు వంగాలో తెలిసిన రాడ్డు.

ముందు రాడ్డు మీద రాసి ఉండే అంకెల సంగతి చూద్దాం. సగం పొరపాట్లు అక్కడే మొదలవుతాయి. పిడికి కాస్త పైన ‘15–30 కిలోలు’ అని ఉంటే, అది 30 కిలోల చేపను పట్టే రాడ్డు అని అర్థం చేసుకునేవాళ్ళు చాలామంది. కాదు. అది దారం బలం. ఆ రాడ్డుకు 15 నుంచి 30 కిలోల బరువుకు తెగే దారం సరిపోతుందని చెప్పడమే దాని ఉద్దేశం. చేప బరువుకూ దానికీ నేరుగా సంబంధం లేదు. గాలానికి చిక్కిన బ్లూ క్యాట్‌ఫిష్‌లలో రికార్డు 2011లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, కెర్ సరస్సులో నమోదైంది. ఆ చేప బరువు దాదాపు 65 కిలోలు. అంత బరువు రాసి ఉన్న రాడ్డు కావాలని వెతికితే, దొరికేది నదిలో వాడలేని మోకు లాంటి సరంజామా.

నీళ్ళలో ఉన్న చేప బరువు మనకు తెలిసిన బరువు కాదు. దాని ఒంటి సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది, పైగా లోపల గాలితిత్తి ఉంటుంది. 30 కిలోల చేప కూడా నీళ్ళలో ఉన్నంతసేపు తన బరువును మన మీద వేయదు. మన మీద పడేది దాని తోక బలం, ప్రవాహం ఊపు, అడ్డం తిరిగిన ఆ వెడల్పాటి ఒంటిని లాగేటప్పుడు నీరు చేసే నిరోధం. అసలు బరువు బయటపడేది నీటి పైకి ఎత్తినప్పుడే. ఆ పని చేతివల చేయాలి, రాడ్డు కాదు. ఒడ్డు దాకా వచ్చిన చేపను రాడ్డుతో పైకి గుంజి, కొన విరగ్గొట్టుకుని, ‘నాసిరకం’ అని తయారీదారును తిట్టేవాళ్ళను చాలామందిని చూశాను. నేనూ ఒకసారి తిట్టాను.

రెండో అంకె విసురు బరువు, అంటే ఆ రాడ్డుతో ఎంత బరువు దాకా విసరవచ్చన్నది. గ్రాముల్లో ఉంటుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో ఇదే ముఖ్యమైన అంకె. ప్రవాహం ఉన్న నదిలో ఎర అడుగున నిలవాలంటే 150 గ్రాముల సీసపు గుండు సులువుగా అవసరమవుతుంది. దానికి ఒక 100 గ్రాముల చేప ముక్క ఎరగా గుచ్చితే మొత్తం 250 గ్రాములు. చాలామంది గుండు బరువు ఒక్కటే లెక్కేసుకుని, ఎరను మరిచిపోయి, 200 గ్రాముల రాడ్డుతో విసురుతారు. రాడ్డు విరగడానికి చేప అక్కరలేదు, ఆ విసురు చాలు. మొదటిసారే విరగకపోవచ్చు. కానీ ప్రతి విసురూ ఎంతో కొంత దాని ఆయుష్షు తినేస్తుంది.

ఇక ‘హెవీ’, ‘మీడియం హెవీ’ అన్న మాటలు. వీటికి తయారీదారులందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒకరి హెవీ మరొకరి మీడియం హెవీ కావచ్చు. కాబట్టి ఆ మాటను నమ్మడం కంటే గ్రాములను నమ్మడం మేలు.

ఇంతకంటే పెద్ద గందరగోళం ఇంకొకటుంది. రాడ్డు బలం వేరు, వంపు తీరు వేరు. బలమంటే వంచడానికి ఎంత బరువు కావాలన్నది. వంపు తీరు అంటే ఎక్కడి నుంచి వంగుతుందన్నది. కొన వైపు మూడో వంతు మాత్రమే వంగి మిగతాది నిటారుగా ఉండేదాన్ని ఫాస్ట్ యాక్షన్ అంటారు. సగం నుంచి విల్లులా వంగేదాన్ని మోడరేట్ అంటారు. మోడరేట్ రాడ్డు బలహీనమైనది కానక్కరలేదు. బోలెడంత బలం ఉండి కూడా విల్లులా వంగే రాడ్లు ఉన్నాయి. మాస్టారిది అలాంటిదే. మెత్తనిది అని నేను అనుకున్నది నిజానికి నా నల్ల రాడ్డుకు బలంలో ఏమీ తీసిపోదు. కొన మెత్తన, నడుము ఒదుగు, మొదలు మాత్రం గట్టి. పెద్ద క్యాట్‌ఫిష్‌కు నేను కోరుకునేది ఈ మూడూ ఈ వరుసలోనే.

నమ్మకం కుదరకపోతే ఒక బకెట్ తెచ్చుకోండి. అందులో 4 లీటర్ల నీళ్ళు పోయండి. దారాన్ని బకెట్ చేతికి కట్టి, రాడ్డు మొదలును పొట్టకు ఆనించుకుని, పైచేత్తో ఎత్తి చూడండి. 4 కిలోలే కదా అని మొదలుపెట్టి, నేను పళ్ళు బిగించాల్సి వచ్చింది. ఎందుకో చూడండి. రాడ్డు పొడవు 2.7 మీటర్లు, పైచేయి మొదలు నుంచి 54 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకోండి. రాడ్డు వంగకుండా నేలకు సమాంతరంగా ఉంటే కొన దగ్గరి 4 కిలోలు పైచేతి దగ్గర 20 కిలోలవుతాయి. ఇది తులాదండం సూత్రమే, కాకపోతే ఇక్కడ అది మన పక్షాన లేదు, చేప పక్షాన ఉంది. రాడ్డు ఎంత పొడవుంటే చేపకు అంత లాభం. ఇప్పుడు అదే రాడ్డు విల్లులా వంగి, కొన మన వైపు సగం దూరం వచ్చిందనుకోండి. చేతి మీద పడేది 10 కిలోలే. చేప మాత్రం అదే 4 కిలోలను మోస్తోంది. మాస్టారి నడుము చేయని పని ఇదే.

ఈ బకెట్ పరీక్ష తర్వాత నాకు ఇంకొకటి కూడా అర్థమైంది. మనం రాడ్డుతో నిజంగా వేయగలిగే బలం మనం ఊహించుకునే దాంట్లో పావు వంతు కూడా ఉండదు. చేపను అలసిపోయేలా చేసేవి రెండు. ఒకటి, దారం చుట్టే రీలులోని డ్రాగ్, అంటే మనం బిగించిన బలానికి మించి చేప లాగినప్పుడే దారం వదిలే బ్రేకు. రెండోది, విడవకుండా పట్టి ఉంచే రాడ్డు వంపు. దారం 25 కిలోలదైతే డ్రాగ్‌ను 6 నుంచి 8 కిలోల మధ్య బిగించడం మామూలు పద్ధతి. అంటే పావు నుంచి మూడో వంతు. చేత్తో లాగి అంచనా వేయకుండా వేలాడే త్రాసు తగిలించి చూసుకోండి. చేప దారం లాక్కుపోతున్నకొద్దీ రీలు మీద చుట్ట సన్నబడుతుంది. చుట్ట సన్నబడితే, మీరు ముట్టుకోకపోయినా డ్రాగ్ లాగుడు పెరుగుతుంది. వంగిన రాడ్డు మీద దారం దూరి వెళ్ళే ఉంగరాల రాపిడి దానికి అదనం. అందుకే మొదటే బిర్రుగా బిగించకూడదు.

పాతరోజుల్లో మోనో దారం, అంటే ఒకే పోగు దారం, సాగేది. లాగితే నాలుగో వంతు దాకా సాగే రకాలు ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. చేప ఒక్కసారిగా తల విదిలించినా ఆ కుదుపును దారమే మింగేసేది. ఇప్పుడు ఎక్కువమంది అల్లిక దారం వాడుతున్నారు. అది దాదాపు సాగదు. సాగని దారానికి వంగని రాడ్డు, బిగుసుకున్న డ్రాగ్ తోడైతే ఇంక మెత్తదనం ఎక్కడుంది? చేప పెదవిలో. నా గాలానికి అంటుకున్న ఆ తునక అలాగే వచ్చింది. ప్రతి కుదుపుకూ గాలం గుచ్చుకున్న రంధ్రం కాస్త కాస్త వెడల్పై, చివరికి చిరిగింది. దారం మార్చుకున్నవాళ్ళు రాడ్డు కూడా మార్చుకోవాలని ఎవరూ చెప్పరు. అందుకే నేను గొంతు పెంచి చెబుతున్నాను.

ఎర ఉమ్మేసిన ఆ మూడు చేపల సంగతి ఇంకా ఆసక్తికరం. క్యాట్‌ఫిష్‌కు రుచి నోట్లోనే కాదు, మీసాల మీదా ఒంటి మీదా తెలుస్తుంది. చానెల్ క్యాట్‌ఫిష్ ఒంటి మీద రుచి మొగ్గలు లక్షకు పైగా ఉంటాయి. చీకట్లో, బురదనీటిలో తడిమి, రుచి చూసి, తర్వాత మింగే జీవి అది. అలా రుచి చూస్తున్నప్పుడు అవతల ఒక కర్ర ఎదురు లాగితే వదిలేస్తుంది. గట్టి కొన ఉన్న రాడ్డు మొదటి అంగుళం నుంచే ఎదురు లాగుతుంది. మెత్తటి కొన జానెడు దూరం ఊరికే వెంట వెళ్తుంది. ఆ జానెడులో చేప నోరు మూసుకుంటుంది.

గుండ్రటి గాలం వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. సర్కిల్ హుక్ అని పిలిచే ఈ గాలం మొన లోపలికి తిరిగి ఉంటుంది. పసిఫిక్ దీవుల్లో పూర్వీకులు గవ్వలతో, ఎముకలతో ఇలాంటివి చెక్కుకునేవారు, కాబట్టి ఇదేమీ కొత్త తెలివి కాదు. దీనికి మన గుంజుడు అక్కరలేదు. చేప ఎర తీసుకుని పక్కకు తిరిగి ఈదితే, గాలం జారి పెదవి మూలలో దానంతట అదే పట్టుకుంటుంది. లోపల గొంతులో దిగబడటం తక్కువ, కాబట్టి వదిలేసిన చేప బతికే అవకాశమూ ఎక్కువ. అయితే ఒక షరతుంది. లాగుడు నెమ్మదిగా, ఎడతెగకుండా పెరగాలి. విల్లులా వంగే రాడ్డును స్టాండులో పెట్టి ఊరుకుంటే ఆ పని అదే చేస్తుంది. కొన వంగుతుంది, తర్వాత నడుము, తర్వాత రీలు దారం వదలడం మొదలుపెడుతుంది. అప్పుడు లేచి చేత్తో తీసుకోవాలి. నేను మొదట్లో కొన కదలగానే లేచి, రెండు చేతులతో గుంజి, గాలాన్ని చేప నోట్లోంచి శుభ్రంగా బయటికి తెచ్చేవాణ్ణి. చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు రాడ్డు ఎంపిక కంటే ఎక్కువ కాలం పట్టింది.

ఏ పదార్థంతో చేసిన రాడ్డు అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. పెద్ద క్యాట్‌ఫిష్‌కు ఫైబర్‌గ్లాసే, లేదా గ్లాసూ కార్బనూ కలిపినదే. గ్లాసు రాడ్లు 1940ల చివర మార్కెట్‌లోకి వచ్చాయి. 1970లలో కార్బన్ రాడ్లు వచ్చాక వాటికి ముసలి పేరు పడింది. కార్బన్ తేలిక, గట్టిది, ఎర దగ్గర చిన్న కదలికనైనా చేతికి చేరవేస్తుంది. రోజంతా చేత్తో పట్టుకుని విసురుతూ ఉండే వేటకు దాన్ని మించింది లేదు. కానీ మన రాడ్డు ఎక్కువసేపు స్టాండులో ఉంటుంది. అది ఎంత తేలికైతే స్టాండుకేమిటి? పైగా కార్బన్‌కు దెబ్బ పనికిరాదు. పడవ అంచుకు తగిలినా, ఊగిన సీసపు గుండు వచ్చి కొట్టినా పైకి కనిపించని చిన్న గాటు పడుతుంది. అది ఆ రోజు ఏమీ చేయదు. బాగా వంగిన రోజున సరిగ్గా అక్కడే పుటుక్కుమంటుంది. నా రాడ్డు విరిగిన చోట పాత గాటు తాలూకు గుర్తు ఉంది. చేపను అనవసరంగా మెచ్చుకున్నాను.

గ్లాసు బరువెక్కువ, మొరటుది. అయినా దెబ్బలు ఓర్చుకుంటుంది, లోతుగా వంగి తిరిగి లేస్తుంది. కలిపి చేసిన రాడ్లు బరువు కొంత తగ్గించి ఓర్పు చాలావరకు నిలుపుకుంటాయి. ఇప్పుడు నా దగ్గరున్న రెండింటిలో ఒకటి అలాంటిదే.

పొడవు మాత్రం మీరు నిలబడే చోటును బట్టి ఉంటుంది. పడవలోంచి అయితే 2.1 నుంచి 2.4 మీటర్లు చాలు. తులాదండం లెక్క చూశారుగా, పొట్టిగా ఉంటేనే మనకు సుఖం. పైగా చేప పడవ కిందికి దూరినప్పుడు పొడవాటి రాడ్డును తిప్పలేక తిప్పలు. ఒడ్డు నుంచైతే 3 మీటర్లకు తక్కువ వద్దు. బరువైన గుండును దూరం విసరాలి, దగ్గరి రాళ్ళకు తగలకుండా దారాన్ని ఎత్తి పట్టాలి. 3.6 మీటర్ల దాకా వాడేవాళ్ళున్నారు. ఎక్కడైనా మొదలు మాత్రం పొడవుగా ఉండాలి. చంకలో ఇరికించుకోవాలన్నా, స్టాండులో స్థిరంగా నిలవాలన్నా పొట్టి పిడి పనికిరాదు.

మిగతా చిన్న సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఉంగరాల లోపలి పింగాణీ వలయాలు పగలకుండా ఉన్నాయో లేదో దూదితో చూడండి. దూదిని లోపలినుంచి లాగితే పగులు ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. మెత్తటి లోహపు ఉంగరాలను అల్లిక దారం రంపంలా కోసేస్తుంది, ఆ తర్వాత ఆ గాటు దారాన్ని కోస్తుంది. రీలు కూర్చునే చోట మర బిగించాక కదలకూడదు. రెండు ముక్కల రాడ్డయితే విసిరిన నాలుగైదుసార్లకొకసారి అతుకు వదులైందేమో తడిమి చూసుకోవాలి. ఒకదాంట్లోకి ఒకటి దూరే టెలిస్కోపిక్ రాడ్లు సంచిలో పట్టడానికి బాగుంటాయి. పెద్ద క్యాట్‌ఫిష్ దగ్గర కూడా వాటిని సంచిలోనే ఉంచండి.

వంగే రాడ్డు గురించి ఇంత చెప్పాక ఎదురు వాదనలూ వినాలి. మునిగిన చెట్ల మధ్య వేటాడేవాళ్ళు నా మాట విని నవ్వుతారు, వాళ్ళ నవ్వు న్యాయమైనదే. ఫ్లాట్‌హెడ్ లాంటి క్యాట్‌ఫిష్‌లు దుంగల కిందే కాపురముంటాయి. తగిలిన మొదటి రెండు క్షణాల్లో దాన్ని బయటికి తిప్పకపోతే అది కొమ్మల్లోకి దూరి దారం తెంపుతుంది. అక్కడ మెత్తగా వంగుతూ కూర్చునే తీరిక లేదు, గట్టి రాడ్డే కావాలి. మామూలు గాలంతో, చేత్తో గుంజి గుచ్చే పద్ధతివాళ్ళకూ కాస్త గట్టిదే నయం. నేను వేటాడేది ఎక్కువగా తెరిపి నీళ్ళలో. నా సలహాను ఆ కొలతలోనే తీసుకోండి.

రెండో వైపు నుంచి వచ్చే వాదన ఇంకొకటి ఉంది. ‘మెత్తనిదే మంచిదైతే చిన్న రాడ్డే వాడొచ్చుగా?’ ఫ్లాట్‌హెడ్ రికార్డు చేప 1998లో కాన్సస్ రాష్ట్రంలో పడింది, దాదాపు 56 కిలోలు. చిన్న చేపల కోసం వెళ్ళినవాడి తేలికపాటి సరంజామాకే అది తగిలింది. దీన్ని ఉదాహరణగా చెప్పేవాళ్ళను నేను ఒప్పుకోను. అది అదృష్టం, పద్ధతి కాదు. వంపు ఉండి బలం లేని రాడ్డుతో పెద్ద చేపను గంటల తరబడి ఆడిస్తే అది కండరాలు అలసి, కోలుకోలేని స్థితికి వస్తుంది. నీరు వెచ్చగా ఉంటే మరీ ప్రమాదం, ఆ నీటిలో ప్రాణవాయువు తక్కువ. వదిలేశామని మనం మురిసిపోతాం, అది అవతలికి పోయి చచ్చిపోతుంది. చేపను త్వరగా ఒడ్డుకు తేలేని రాడ్డు పెద్ద చేపకు తగదు. అందుకే మొదలు గట్టిగా ఉండాలని పట్టుబడుతున్నాను.

ఎంత మంచి రాడ్డయినా విరగ్గొట్టే దారులు రెండున్నాయి. ఒకటి, చేప కాళ్ళ దగ్గరికొచ్చినప్పుడు రాడ్డును నిటారుగా తలమీదికి ఎత్తడం. అప్పుడు భారమంతా సన్నటి కొన మీద పడుతుంది, నడుము పని చేయదు. రెండు, గాలం అడుగున చిక్కుకున్నప్పుడు రాడ్డుతో గుంజడం. చిక్కుకుంటే రాడ్డును దారం వరుసలోకి చాచి, దారాన్ని ఒక కర్రకు నాలుగు చుట్లు చుట్టి, ఆ కర్రతో లాగండి. చేతికి చుట్టుకోకండి. అల్లిక దారం నా అరచేతిలో వదిలిన గీతను హస్తసాముద్రికులెవరూ ఇంతవరకు గుర్తుపట్టలేదు.

మొన్న మా మేనల్లుడు కొత్త రాడ్డు పట్టుకుని వచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది. "చూడు మామయ్యా, ఎంత నొక్కినా వంగదు," అన్నాడు. బాగుందిరా అని, పెరట్లో బకెట్ ఎక్కడుందో చూపించాను.